బడి పక్కన పొగాకు అమ్మకాన్ని ఆపించడం ఎలా: హైదరాబాద్ నివాసులకు చట్టపరమైన దారి

బడి ఎదుటి పాన్‌డబ్బాలో తొమ్మిదో తరగతి పిల్లవాడు సిగరెట్టు కొనుక్కోవడం చూసి, ఊరుకోలేక పోలీసులకు ఫోన్ చేసినవారు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. ఫోన్ చేసిన రోజు డబ్బా మూతపడుతుంది, రెండు రోజులు గడిచాక మళ్లీ తెరుచుకుంటుంది. మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున నేను రాసిన మొదటి ఫిర్యాదుకు కూడా అదే గతి పట్టింది. అందులో పిల్లల ఆరోగ్యం గురించి రెండు పేజీలు రాశాను గాని, ఏ చట్టంలోని ఏ సెక్షన్‌ను ఎవరు ఉల్లంఘించారో ఒక్క వాక్యం కూడా రాయలేదు.

మన దేశంలో పొగాకు మీద ఒకే ఒక్క నిషేధమంటూ లేదు. సిగరెట్టుకు ఒక చట్టం, గుట్కాకు మరో చట్టం, ఈ-సిగరెట్టుకు ఇంకో చట్టం ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన నిబంధనలు చాలావరకు పొగాకు కంపెనీలు, వర్తకులు కోర్టుల్లో సవాలు చేయగా కొన్ని నిలిచినవి, కొన్ని కొట్టుకుపోయినవి, కొన్ని పడిపోయి మళ్లీ లేచినవి. ఈ పోరాటంలో ఏది నిలిచిందో తెలియకుండా రాసిన ఫిర్యాదును ఠాణాలో పక్కన పెట్టడం తేలిక. సరైన సెక్షన్ పట్టుకుని రాసిన ఒక పేజీ కాగితాన్ని పక్కన పెట్టడం మాత్రం ఏ అధికారికైనా కష్టం.

ముందు దూరం కొలవండి

సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో వచ్చి, 2004 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. అధికారులు, లాయర్లు దీన్ని ‘కోట్పా’ అంటారు. ఇందులోని 6వ సెక్షన్ రెండు విషయాలను నిషేధిస్తుంది: 18 ఏళ్ల లోపు వారికి పొగాకు అమ్మడం ఒకటి, విద్యాసంస్థకు 100 గజాల లోపు ఎవరికైనా సరే అమ్మడం రెండోది. 100 గజాలంటే సుమారు 91 మీటర్లు. ఈ దూరాన్ని గేటు నుంచి రోడ్డు వెంట నడుస్తూ కొలవరు; ప్రహరీ గోడ లేదా కంచె బయటి అంచు నుంచి అన్ని వైపులకూ వ్యాసార్థంగా కొలవాలని నిబంధనలు చెబుతున్నాయి. మన పాత బస్తీలోనూ, ముషీరాబాద్, అంబర్‌పేట గల్లీల్లోనూ బడి గేటు ఒక వీధిలో ఉంటే వెనక గోడ మరో వీధిలో ఉంటుంది. ఆ వెనక వీధిలోని డబ్బావాడు నడక దూరం లెక్కవేసుకుని తాను హద్దుకు బయట ఉన్నానని నమ్ముతాడు. కొలిచి చూస్తే చాలాసార్లు అతడు గోడకు ముప్పై నలభై మీటర్ల దూరంలోనే ఉంటాడు.

ఫోన్‌లోని మ్యాపులో గోడ నుంచి దుకాణం వరకు దూరం కొలిచి స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుల సమక్షంలో టేపుతో కొలిచి, తేదీతో వారి సంతకం తీసుకోండి. ఈ రెండూ ఉంటే దూరం గురించిన వాదన అక్కడితో ముగుస్తుంది.

అశోక్‌నగర్, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వాసులకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. నిబంధనల ప్రకారం విద్యాసంస్థ అంటే తగిన అధికార సంస్థ స్థాపించిన లేదా గుర్తింపు ఇచ్చిన పాఠశాల, కళాశాల, ఉన్నత విద్యాసంస్థ. కోచింగ్ సెంటర్ ఈ నిర్వచనంలోకి వస్తుందా రాదా అన్న వాదనలోకి దిగితే మీ ఫిర్యాదు అక్కడే చిక్కుకుంటుంది. ఆ వీధుల్లో గుర్తింపు ఉన్న బడో, జూనియర్ కాలేజీయో సాధారణంగా దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి దాని గోడ నుంచే కొలవండి.

బడి కూడా తన వంతు పని చేసి ఉండాలి. 100 గజాల లోపు పొగాకు అమ్మకం నేరమని తెలిపే బోర్డును ఆవరణ బయట, అందరికీ కనిపించేలా పెట్టాలి. కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాలు ఆ హద్దు దగ్గర నేల మీద పసుపు గీత గీయమని కూడా చెబుతున్నాయి. ఇవి లేని బడి తరఫున ఫిర్యాదు చేస్తే అధికారి మొదట అడిగే ప్రశ్న దాని గురించే అవుతుంది. అందుకే ముందు యాజమాన్యాన్ని కలిసి బోర్డు పెట్టించి, దానికి ఫొటో తీసుకుని ఆ తర్వాతే ఠాణాకు వెళ్లండి.

రెండు వందల జరిమానా, ఏడేళ్ల శిక్ష

కోట్పా 6వ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే 24వ సెక్షన్ కింద పడే జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. 2003లో నిర్ణయించిన ఈ మొత్తం ఇప్పటికీ అలాగే ఉంది. రోజుకు అంతకు ఎన్నో రెట్లు వ్యాపారం చేసే దుకాణానికి అది అద్దెలో ఒక భాగం లాంటిది. ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ 200 రూపాయల అంకే.

అయితే పిల్లలకు అమ్మినప్పుడు వర్తించే గట్టి నిబంధన మరో చట్టంలో ఉంది. 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు మత్తు పానీయం, మాదకద్రవ్యం లేదా పొగాకు ఉత్పత్తి ఇచ్చినవారికి, ఇప్పించినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కాబట్టి కొన్నది మైనరని మీకు తెలిస్తే ఫిర్యాదులో కోట్పా 6వ సెక్షన్‌తో పాటు ఈ 77వ సెక్షన్‌ను కూడా తప్పక పేర్కొనండి. కొనేవారి వయసు గురించి అనుమానం ఉంటే నిర్ధారించుకోవలసిన బాధ్యత అమ్మేవాడిదే కాబట్టి ‘పెద్దవాడనుకున్నాను’ అన్న సమాధానం చాలదు.

సాక్ష్యం కోసం మీ పిల్లవాడినో, పక్కింటి పిల్లవాడినో దుకాణానికి పంపే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. పిల్లల ముఖం కనిపించే ఫొటోలను కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. బాధిత బాలల గుర్తింపును బయటపెట్టడాన్ని అదే చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. దుకాణం, బోర్డు, ప్రదర్శించిన సరుకు, తేదీ, సమయం కనిపించే చిత్రాలు చాలు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెబుతాను. 100 గజాల హద్దు విషయంలో ముందు దుకాణదారుతో మాట్లాడండి. ఆ డబ్బా మీదే ఒక కుటుంబం బతుకుతుండవచ్చు. పొగాకు మానేసి చాయ్, బిస్కెట్లు, నోటు పుస్తకాలు అమ్ముకుంటే బడి పక్కన ఆ దుకాణం ఉండటానికి ఈ చట్టం అడ్డు చెప్పదు. మైనర్లకు అమ్ముతున్నవారి విషయంలో మాత్రం ఈ వెసులుబాటు ఇవ్వవలసిన అవసరం లేదు.

గుట్కా: ఇక్కడే ఎక్కువ కేసులు వీగిపోతాయి

గుట్కా నిషేధం కోట్పాలో లేదు. పొగాకు పరిశ్రమ నియంత్రణను కేంద్రం తన పరిధిలోకి తీసుకుంటున్నట్టు కోట్పా రెండో సెక్షన్ ప్రకటించింది గనుక రాష్ట్రాలు దాన్ని ఆహార చట్టం వైపు నుంచి ఆపవలసి వచ్చింది. పాత ఆహార కల్తీ నిరోధక చట్టం కింద రాష్ట్రాలు ఇచ్చిన నిషేధాలను 2004లో సుప్రీంకోర్టు గోదావత్ పాన్ మసాలా కేసులో కొట్టివేసింది. ఆ తర్వాత వచ్చిన ఆహార భద్రత చట్టం కింద 2011లో చేసిన నిబంధనల్లో 2.3.4 అనే నిబంధన ఏ ఆహార పదార్థంలోనూ పొగాకు, నికోటిన్ కలపరాదని చెప్పింది. దాన్ని ఆధారం చేసుకుని 2012లో మధ్యప్రదేశ్ మొదట నిషేధం విధించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో ఆ దారి పట్టింది.

ఈ నిషేధాలు ఆహార భద్రత చట్టంలోని 30వ సెక్షన్ ద్వారా వస్తాయి. ప్రజారోగ్యం దృష్ట్యా ఒక ఆహార పదార్థాన్ని ఆహార భద్రత కమిషనర్ గరిష్ఠంగా ఏడాది పాటు నిషేధించవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. గడువు తీరాక మళ్లీ ఉత్తర్వు ఇవ్వాలి. తెలంగాణలో 2024 మే 24 నుంచి ఏడాది పాటు పొగాకు, నికోటిన్ కలిసిన గుట్కా, పాన్ మసాలాలను నిషేధిస్తూ వచ్చిన ఉత్తర్వు ఈ కోవలోదే. అందువల్ల ఫిర్యాదు రాసే ముందు, మీరు చెబుతున్న తేదీన ఏ ఉత్తర్వు అమల్లో ఉందో చూసి, దాని తేదీని ఫిర్యాదులో రాయండి. ఏటేటా ఇలా పొడిగించడం చెల్లదన్న వాదనతో వర్తకులు కోర్టులకెక్కారు. ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2022లో ఆ నిషేధాలను కొట్టివేయగా 2023 ఏప్రిల్‌లో ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. తమిళనాడు నిషేధాన్ని 2023 జనవరిలో మద్రాస్ హైకోర్టు కొట్టివేస్తే, ఆ తీర్పు మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

ఇక పట్టుకున్న తర్వాత ఏ సెక్షన్ కింద కేసు పెట్టారన్నది చూడాలి. గుట్కా దొరికితే విషపూరిత ఆహారం అమ్మారంటూ ఐపీసీ 272, 273 సెక్షన్ల కింద ఎఫ్‌ఐఆర్ కట్టడం పోలీసులకు అలవాటుగా ఉండేది. 2024 ఫిబ్రవరిలో రామ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు, ఆహార భద్రత చట్టంలోని 59వ సెక్షన్ (సురక్షితం కాని ఆహారానికి శిక్ష) వర్తించే నేరానికి ఆ చట్టమే పైచేయి కాబట్టి ఐపీసీలోని ఆ రెండు సెక్షన్ల కింద కూడా విచారణ జరపడం కుదరదని తేల్చింది. ఆ సెక్షన్ల స్థానంలో ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 274, 275 ఉన్నాయి. వాటి మీదే కట్టిన కేసును నిందితుడి లాయరు హైకోర్టులో కొట్టివేయించుకునే అవకాశం ఎక్కువ. కాబట్టి మీ ఫిర్యాదు ఠాణాతో పాటు జీహెచ్‌ఎంసీ ఆహార భద్రత విభాగానికి కూడా తప్పక చేరాలి. ఆ చట్టం కింద ఫుడ్ సేఫ్టీ అధికారి నమూనా తీసి పరీక్షకు పంపాలి, విశ్లేషకుడు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. రాష్ట్ర ఆహార ప్రయోగశాల మన నాచారంలోనే ఉంది. నేరం జరిగిన ఏడాదిలోపు కేసు కోర్టుకు చేరకపోతే కమిషనర్ ప్రత్యేక అనుమతి లేకుండా కోర్టు దాన్ని స్వీకరించలేదు. ఈ ఏడాది గడువును మీ క్యాలెండర్‌లో రాసుకుని మధ్యలో కనీసం రెండుసార్లు గుర్తు చేస్తూ ఉత్తరం రాయండి.

నిషేధాన్ని తప్పించుకోవడానికి పాన్ మసాలాను ఒక పొట్లంలో, జర్దాను (నమిలే పొగాకును) మరో పొట్లంలో పక్కపక్కనే అమ్మడం మీరూ చూసే ఉంటారు. ఈ జంట పొట్లాల ఎత్తుగడను ప్రస్తావిస్తూ 2.3.4 నిబంధనను కచ్చితంగా అమలు చేయాలని 2016 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫిర్యాదులో రెండు పొట్లాలనూ కలిపి తీసిన ఫొటో జతచేయండి. పొట్లం ప్లాస్టిక్‌దైతే ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ఉల్లంఘన కూడా జరిగినట్టే, ఎందుకంటే గుట్కా, పొగాకు, పాన్ మసాలాలను ప్లాస్టిక్ పొట్లాల్లో అమ్మడాన్ని ఆ నిబంధనలు నిషేధించాయి.

అట్ట మీద బొమ్మ, దుకాణం మీద బోర్డు

పెట్టె మీద హెచ్చరిక బొమ్మ వెనక పెద్ద పోరాటమే ఉంది. 2003 చట్టంలో మొదట పుర్రె, ఎముకల గుర్తు తప్పనిసరి అని ఉండేది. బీడీ కట్టల మీద ఆ గుర్తు పడితే తమ ఉపాధి పోతుందని కార్మికులు ఆందోళన చెందగా, రాజకీయ ఒత్తిళ్ల మధ్య 2007 సవరణతో అది పోయింది. చివరకు 2009 మే 31న బొమ్మ హెచ్చరికలు మొదలయ్యాయి. వాటిని పెట్టెకు రెండు వైపులా 85 శాతానికి పెంచుతూ 2014లో ఇచ్చిన నోటిఫికేషన్ 2016 ఏప్రిల్ 1న గాని అమల్లోకి రాలేదు. ఈలోగా ఒక పార్లమెంటరీ కమిటీ 50 శాతం చాలని సిఫారసు చేసింది, ఆ కమిటీలో బీడీ వ్యాపారి అయిన ఒక ఎంపీ సభ్యుడు. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు 85 శాతం నిబంధనను కొట్టివేయగా, 2018 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. బొమ్మ హెచ్చరిక లేని విదేశీ సిగరెట్టు పెట్టెలు ఎక్కడైనా కనిపిస్తే కోట్పా 7, 20 సెక్షన్ల కింద ఫిర్యాదు చేయండి. ఎస్‌ఐ, ఆపై స్థాయి పోలీసు అధికారికి వాటిని జప్తు చేసే అధికారం ఉంది.

ప్రకటనలను కోట్పా 5వ సెక్షన్ నిషేధిస్తుంది. అమ్మే దుకాణం దగ్గర మాత్రం పరిమితంగా బోర్డుకు అనుమతి ఉంది: 60 సెంటీమీటర్లు × 45 సెంటీమీటర్లకు మించకూడదు, రెండుకు మించి ఉండకూడదు, వెనక నుంచి లైటు వెలగకూడదు, బ్రాండు పేరుగాని పెట్టె బొమ్మగాని ఉండకూడదు. ఈ నిబంధనలు బొంబాయి హైకోర్టు స్టే వల్ల ఏళ్ల తరబడి ఆగిపోయి, 2013లో సుప్రీంకోర్టు జోక్యంతోనే కదిలాయి. మన పాన్‌షాపుల నుదుట మెరిసే లైటు బోర్డులు చాలావరకు ఈ కొలతకు నిలవవు. బోర్డు పక్కన టేపు పెట్టి ఫొటో తీయండి. ఇక్కడ శిక్ష 200 రూపాయలతో ఆగదు. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. దుకాణాన్ని అలంకరించి ఇచ్చిన కంపెనీ మీద కూడా చర్య కోరండి, ఎందుకంటే ఆ బోర్డు డబ్బావాడు సొంత డబ్బుతో పెట్టుకున్నది కాకపోవచ్చు. ఇలాచీ, మౌత్ ఫ్రెష్‌నర్ల పేరుతో అదే బ్రాండును చూపించే ప్రకటనలపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. చాటుమాటు ప్రకటనలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 మార్గదర్శకాలు నిషేధించాయి.

విడి సిగరెట్ల అమ్మకాన్ని మీ ఫిర్యాదుకు ఆధారం చేసుకోకండి. మహారాష్ట్ర వంటి కొన్ని రాష్ట్రాలు సొంత ఉత్తర్వులతో దాన్ని నిషేధించాయి గాని, కేంద్ర చట్టంలో ఆ నిషేధం స్పష్టంగా లేదు. ఈ-సిగరెట్ల సంగతి వేరు. 2019 చట్టం ప్రకారం వాటి అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి అమ్మితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు.

ఇరానీ హోటల్, హుక్కా గది

బహిరంగ స్థలాల్లో పొగతాగడాన్ని 2001 నవంబరు 2న మురళీ దేవ్‌రా కేసులో సుప్రీంకోర్టు ముందుగా ఆపింది. 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నిబంధనలు హోటళ్లను, పని స్థలాలను కూడా చేర్చాయి. 30 కంటే తక్కువ సీట్లున్న ఇరానీ హోటల్‌లో పొగతాగే గది పెట్టడానికే వీలు లేదు. అంతకు మించిన హోటల్‌లో ఆ గదికి నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలు, తనంతట తానే మూసుకునే తలుపు, పొగను బయటికి పంపే ఏర్పాటు ఉండాలి. యజమాని బల్లల మీద యాష్‌ట్రేలు పెట్టడమే ఉల్లంఘన కాబట్టి, పొగతాగేవారితో గొడవపడకుండా యాష్‌ట్రే ఫొటో తీసి యజమాని మీద ఫిర్యాదు చేయండి. వచ్చిన ఫిర్యాదుపై యజమాని చర్య తీసుకోకపోతే, అక్కడ ఎందరు తాగారో అన్ని నేరాలకు సమానమైన జరిమానా అతడే కట్టాలి.

హుక్కా కేంద్రాల యజమానులు 2014లో సుప్రీంకోర్టులో ఈ పొగతాగే గది నిబంధనను చూపించే ఊరట పొందారు. 2017లో కేంద్రం ఆ గదుల్లో ఎలాంటి వడ్డనా ఉండరాదని నిబంధన మార్చింది. మన రాష్ట్ర శాసనసభ 2024 ఫిబ్రవరి 12న హుక్కా కేంద్రాలను నిషేధించే సవరణ బిల్లును ఆమోదించింది. సుగంధ హుక్కాలో పొగాకే లేదని యజమాని వాదిస్తే, సరుకును పరీక్షకు పంపమని రాతపూర్వకంగా కోరండి.

కాగితం రాయడం

ఒక్కో ఉల్లంఘనకు ఒక్కో పేరా చొప్పున, మొత్తం ఒక పేజీకి మించకుండా రాయండి. దుకాణం చిరునామా, తేదీ, సమయం, చూసిన విషయం, వర్తించే సెక్షన్, మీరు కోరే చర్య చాలు. దుకాణదారు కులం, మతం, ఊరు గురించి ఒక్క ముక్క కూడా ఉండకూడదు. మీ వీధి ఏ పోలీసు కమిషనరేట్ పరిధిలోకి వస్తుందో చూసుకుని ఆ ఠాణాలో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయనంటే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌కు, జీహెచ్‌ఎంసీకి ప్రతులు ఇవ్వండి. జిల్లా పొగాకు నియంత్రణ సమన్వయ కమిటీ కలెక్టరు కిందే పనిచేస్తుంది గనుక ఆ కాగితం అక్కడికి చేరడం అవసరం.

నెల రోజులు చూసి కదలిక లేకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ‘నా ఫిర్యాదుపై తీసుకున్న చర్య, సంబంధిత ఫైలు ప్రతులు, ఈ ఠాణా పరిధిలో గత ఏడాది కోట్పా కింద విధించిన జరిమానాల వివరాలు’ అని మాత్రమే అడగండి. ఎందుకు చర్య తీసుకోలేదని అడిగితే అది సమాచారం కిందికి రాదని తోసిపుచ్చుతారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. మా రెండో ఫిర్యాదులో కదలిక వచ్చింది ఈ దరఖాస్తు వేశాకే.

అప్పటికీ ఫలితం లేకపోతే రాష్ట్ర హైకోర్టులో రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద రిట్ వేసే దారి ఉంది. అధికారిని తన చట్టబద్ధ బాధ్యత నిర్వర్తించమని ఆదేశించాలని కోరడమే అందులోని ప్రార్థన. ముందుగా వినతి ఇచ్చి ఎదురుచూశారా అని కోర్టు మొదట అడుగుతుంది, కాబట్టి ముద్ర వేయించిన ఆ రెండో ప్రతే మీ కేసుకు ప్రాణం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

శాసనసభ్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు

జరిమానా 200 దగ్గరే ఎందుకు ఆగిపోయిందో తెలియాలంటే మరో వైపు కూడా చూడాలి. పొగాకు సాగు, ఎగుమతులను చూసే పొగాకు బోర్డు గుంటూరులో కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉంది. ప్రకాశం జిల్లా పొగాకు రైతుకు ఆ బోర్డు వేలం కేంద్రమే ఆధారం. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో వేలాది మహిళలు బీడీలు చుట్టి ఇల్లు గడుపుతున్నారు, వారికి రాష్ట్రం పింఛను కూడా ఇస్తోంది. చార్మినార్ పేరును సిగరెట్టు పెట్టె మీద దేశమంతా తిప్పిన కంపెనీ మన హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగింది. ఒక శాఖ అరికట్టమంటున్న పంటను మరో శాఖ పెంచుతుంటే ఏ సవరణ బిల్లయినా నలుగుతుంది. 2020 చివర్లో కేంద్రం విడుదల చేసిన కోట్పా సవరణ ముసాయిదాలో కనీస వయసును 21కి పెంచడం, విడి సిగరెట్లను నిషేధించడం, పొగతాగే గదులను ఎత్తివేయడం ఉన్నాయి. 2021 జనవరి చివరి వరకు అభిప్రాయాలు తీసుకున్నారు. రైతు సంఘాలు, వర్తక సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి, ఆ ముసాయిదా చట్టం కాలేదు.

శాసనసభ్యుడిని కలిసినప్పుడు పొగాకునే నిషేధించమని అడిగితే పని జరగదు. హుక్కాపై సవరణ చేసిన సభే జరిమానా పెంచే సవరణ కూడా చేయవచ్చు కాబట్టి 24వ సెక్షన్‌కు రాష్ట్ర సవరణ కోరండి. పొగాకు విడిచిపెట్టే చిన్న దుకాణాలకు, బీడీ కార్మికులకు ప్రత్యామ్నాయ ఉపాధి కల్పించాలని అదే వినతిలో కోరండి. మళ్లీ ఎప్పుడైనా ముసాయిదా వస్తే గడువులోగా కాలనీలోని ప్రతి ఇంటి నుంచీ విడిగా ఒక్కో ఉత్తరం పంపండి, ఎందుకంటే అవతలి పక్షం వేల సంఖ్యలో పంపుతుంది.

జూన్‌లో బడులు తెరిచే వారంలో పసుపు గీత మళ్లీ వేయించండి. వానలకు, టైర్లకు అది చెరిగిపోయి ఉంటుంది. గుట్కా ఉత్తర్వు గడువు ఎప్పుడు తీరుతుందో అదే వారంలో చూసుకుని, కొత్త ఉత్తర్వు రాకపోతే ఆహార భద్రత కమిషనర్‌కు ఉత్తరం రాయండి.